“వంశంలో ఉంది” అని ఒక్క మాట చెప్పి పంపేయకండి: మానసిక వైద్యులకు, ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో పనిచేస్తున్న మానసిక వైద్యులకు, వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. మా తమ్ముడికి ఎనిమిదేళ్ల కిందట, బీటెక్ మూడో ఏడాదిలో ఉండగా స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు పీడించడం లాంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక జబ్బు) బయటపడింది. ఇప్పుడు వాడికి 29 ఏళ్లు. రాత్రి మాత్ర వేసుకుని పడుకుంటాడు, పొద్దున్నే లేచి పనికి వెళ్తాడు, ఒకటో తారీఖున అమ్మ చేతిలో మూడు వేలు పెడతాడు. వాణ్ని ఇక్కడిదాకా తెచ్చింది మీ వైద్యమే. అది మేం మరచిపోం. నేను రాస్తున్నది మందుల చీటీతో పాటు మా ఇంటికి వచ్చిన ఒక మాట గురించి.

రెండేళ్ల కిందట తమ్ముణ్ని చెకప్‌కి తీసుకెళ్లాం. నాతో పాటు మా చెల్లి, మా పెద్ద మేనమామ వచ్చారు. ఓపీ గది తలుపు తీసే ఉంది. బయట బెంచీ మీద మా ఊరివాళ్లే ఇద్దరు కూర్చుని ఉన్నారు. మా మామయ్య ఉండబట్టలేక అడిగాడు: “డాక్టర్ గారూ, ఈ పిల్లకు సంబంధం కుదిరింది. దీనివల్ల ఏమన్నా ఇబ్బందా?” డాక్టర్ గారు రాస్తున్న చీటీ మీంచి తల ఎత్తలేదు. “ఇది 80 శాతం వంశపారంపర్యమే. మీ జాగ్రత్తలో మీరుండండి” అన్నారు. తర్వాతి పేషెంటును పిలిచారు.

ఆయన చెడ్డవారని నేను అనను. ఆ రోజు ఓపీలో వంద మందికి పైగా ఉన్నారు, చూసేది ఆయన ఒక్కరే. కానీ ఆ మాట మాకంటే ముందు ఊరికి చేరింది. పన్నెండో రోజున అబ్బాయి తరఫువాళ్లు మధ్యవర్తితో “జాతకాలు కలవలేదు” అని కబురు పంపారు. అంతకు ముందు నెలలో జాతకాలు చూపించి, ముహూర్తం పెట్టుకుందాం అన్నదీ వాళ్లే.

ఆ ఆసుపత్రికి రెండు ఉత్తరాలు రాశాను. ఇలాంటి ప్రశ్నలకు విడిగా కూర్చోబెట్టి జవాబు చెప్పే ఏర్పాటు చేయండి అని మాత్రమే అడిగాను. జవాబు రాలేదు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చాను. మూడు వారాలకు “మీ అర్జీ పరిష్కరించబడింది” అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

ముందు ఆ 80 శాతం సంగతి

ఆ అంకె తప్పు కాదు. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో దాదాపు అదే వస్తోంది. డెన్మార్క్‌లో 1951 నుంచి 2000 దాకా పుట్టిన 31 వేలకు పైగా కవల జంటల వివరాలు చూసి 2018లో వేసిన లెక్కలో అది 79 శాతం. అయితే ఆ అంకె చెప్పే సంగతి వేరు. ఒక జనాభాలో కొందరికి ఈ జబ్బు వస్తుంది, చాలామందికి రాదు. ఆ తేడాలో ఎంత భాగం జన్యువుల తేడాతో ముడిపడి ఉందో చెప్పే లెక్క అది. ఫలానా ఇంట్లో ఫలానా పిల్లకు జబ్బు వచ్చే అవకాశం ఎంత అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. మా మామయ్యకు వినిపించింది మాత్రం “ఈ పిల్లకో, రేపు దీని పిల్లలకో వందకు ఎనభై పాళ్లు వస్తుంది” అని. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే వింటారు.

అదే డెన్మార్క్ అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవారికీ ఉండటం 33 శాతమే. జన్యువులన్నీ దాదాపు ఒకేలా ఉన్నా, ఒకే కడుపులో పెరిగినా, ముగ్గురిలో ఇద్దరికి రాలేదు. వేర్వేరు అండాల కవలల్లో అది 7 శాతం. ఆ రోజు ఈ రెండు ముక్కలు చెప్పడానికి అర నిమిషం పట్టేది.

మాకు నిజంగా కావాల్సిన అంకెలు ఇంకొన్ని ఉన్నాయి. యూరప్ కుటుంబాల్లో దశాబ్దాల పాటు సేకరించిన లెక్కల ప్రకారం, ఎవరికైనా జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం వందలో దాదాపు ఒకరికి. అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో ఉంటే వందలో దాదాపు తొమ్మిది మందికి. తల్లి, తండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో వందకు పది మంది ప్రాంతంలో. ఇద్దరికీ ఉంటే నలభై దాటుతుంది, అది నిజంగానే ఆలోచించాల్సిన అంకె. మేనమామకో పిన్నికో ఉంటే వందలో ముగ్గురు, నలుగురు. మా చెల్లికి పుట్టబోయే పిల్లలకు మా తమ్ముడు మేనమామ. అంటే వందలో 96 మంది పిల్లలకు ఈ జబ్బు రాదు. చెల్లికి ఇప్పుడు 27 ఏళ్లు. ఈ జబ్బు ఎక్కువగా టీనేజీ చివర నుంచి ముప్ఫై ఏళ్లలోపు బయటపడుతుంది కాబట్టి, ఆరోగ్యంగా గడిచిన ప్రతి ఏడూ ఆమె ముప్పును తగ్గిస్తూ వచ్చింది. ఈ మాట కూడా మాకు ఎవరూ చెప్పలేదు.

ముప్పు పెరగదని నేను అనడం లేదు. ఒకటి నుంచి నాలుగుకు పెరగడం పెరగడమే. కానీ నాలుగుకూ ఎనభైకీ మధ్య ఒక ఆడపిల్ల జీవితం ఉంది.

నేను పదో తరగతికి అనువంశికత పాఠం చెబుతాను. మెండల్ బఠాణీ మొక్కలతో మొదలవుతుంది: పొడుగు మొక్క, పొట్టి మొక్క, ఒక లక్షణానికి ఒక జత కారకాలు. బడి చదువు ఉన్నవాళ్లకు వంశపారంపర్యం అంటే మిగిలేది ఈ బొమ్మే. స్కిజోఫ్రీనియా అలా రాదు. 2014లో ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధనలో జన్యుపటం మీద 108 చోట్ల ఈ జబ్బుతో ముడిపడిన తేడాలు దొరికాయి. 2022లో 76,755 మంది రోగులను, 2,43,649 మంది ఇతరులను పోల్చి చూస్తే ఆ చోట్లు 287 అయ్యాయి. వాటిలో దాదాపు ప్రతి ఒక్కటీ వేసే ప్రభావం చాలా చిన్నది. పైగా అవి జనంలో అందరి దగ్గరా ఉండే తేడాలే. కొన్ని మా ఇంట్లో ఉన్నాయి, సంబంధం వద్దన్నవాళ్ల ఇంట్లో ఉన్నాయి, ఈ లేఖ చదువుతున్న మీలోనూ ఉన్నాయి. ఎక్కువ మోతాదులో ఒకచోట చేరి, వాటికి పుట్టుక సమయంలో వచ్చిన ఇబ్బందులో, చిన్ననాటి దెబ్బలో, గంజాయో, ఇంకేవో తోడైతే జబ్బు బయటపడుతుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి దగ్గరి బంధువుల్లో ఎవరికీ అది ఉండదు కూడా.

పెద్ద ప్రభావం వేసే అరుదైన తేడాలు కొన్ని ఉన్నాయి. 22వ క్రోమోజోము మీద ఒక చిన్న ముక్క లోపించి పుట్టినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా వస్తుంది. వాళ్లకు తరచుగా పుట్టుకతో గుండె లోపం, అంగిలి లోపం, చదువులో వెనకబాటు, రక్తంలో కాల్షియం తక్కువ కావడం లాంటివి కూడా ఉంటాయి. చూసే కన్ను ఉంటే పట్టుకోవచ్చు. మిగతా చాలామంది విషయంలో ఏ రక్త పరీక్షా నీకు వస్తుంది, నీకు రాదు అని చెప్పలేదు.

మా ఇళ్లలో జరుగుతున్నది

1. పెళ్లిళ్లు ఆగిపోతున్నాయి. జబ్బు ఉన్నవాళ్ల పెళ్లి సంగతి పక్కన పెట్టండి. వాళ్ల అక్కల, చెల్లెళ్ల, అన్నల, చివరికి మేనకోడళ్ల పెళ్లిళ్లు ఆగుతున్నాయి. హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాల కింద స్కిజోఫ్రీనియా పేరు నేరుగా రాసి ఉంది. మధ్యవర్తులకు కూడా ఆ సంగతి తెలుసు. కానీ చట్టం చెప్పింది జబ్బు ఉన్న మనిషి గురించి, ఆ మనిషి చెల్లెలి గురించి కాదు. జబ్బు ఉన్న మనిషి విషయంలో కూడా పేరు ఒక్కటే చాలదని, కలిసి బతకలేనంత తీవ్రత ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో 2013లో మళ్లీ చెప్పింది. కోర్టులు అంత జాగ్రత్తగా తూచిన మాటను ఓపీ గదిలో ఇంత తేలిగ్గా వాడేస్తున్నారు.

2. నింద తల్లుల మీద పడుతోంది. ఒకప్పుడు అమెరికాలో ఈ జబ్బుకు తల్లి పెంపకమే కారణమని పెద్ద పెద్ద డాక్టర్లే రాశారు. జన్యు పరిశోధన వచ్చాక ఆ నింద పోయింది. 2016లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు సీ4 అనే జన్యువు పనితీరును చూపించారు. యౌవనంలో మెదడు తనకు అక్కర్లేని నరాల కలయికలను కత్తిరించుకుంటుంది, సీ4లో కొన్ని రకాలు ఉన్నవాళ్లలో ఆ కత్తిరింపు ఎక్కువ కావచ్చు అని. అది చదివిన రోజు నేను అమ్మ దగ్గర కూర్చుని, చేతబడి కాదమ్మా, నువ్వు చేసిన పాపం కాదమ్మా అని చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. జన్యుశాస్త్రం మా అమ్మకు ఇవ్వాల్సిన ఊరట అదీ. కానీ ఆ 80 శాతం మాట తర్వాత మా నాన్న తరఫువాళ్లు అమ్మ పుట్టింటి మీద పడ్డారు. వాళ్ల తాత తమ్ముడెవరో ఇల్లు వదిలి తిరిగేవాడట, అదే రక్తమట. మా అమ్మానాన్నలది మేనరికం. ఆ తాత తమ్ముడు ఇద్దరికీ చుట్టమే. అయినా నింద అమ్మకే వచ్చింది. ఆ తర్వాత ఆమె రెండు పండగలకు పుట్టింటికి వెళ్లలేదు.

3. జబ్బును దాచిపెడుతున్నారు. మీరు అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఇదే అని నా మనవి. మాకు వరసకు తమ్ముడయ్యే ఒక అబ్బాయి ఉన్నాడు. మా సంబంధం తప్పిపోయిన నాలుగైదు నెలలకు వాడు గదిలోంచి బయటికి రావడం మానేశాడు. తనలో తాను మాట్లాడుకోవడం, అన్నంలో ఏదో కలిపారని తినకపోవడం, రాత్రంతా మెలకువ. మా ఇంట్లో మొదట్లో చూసినవన్నీ వాడిలోనూ కనిపించాయి. నేను వెళ్లి, పిన్నీ, ఆలస్యం చేయొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, “వీడి అక్క పెళ్లి అయ్యేదాకా ఆగమ్మా. మీ ఇంట్లో ఏం జరిగిందో చూశాం కదా” అంది. పద్నాలుగు నెలలు ఆగారు. మధ్యలో ఒక గుడి దగ్గర పదకొండు రోజులు నిద్ర చేయించారు, ఒక దర్గాకు తీసుకెళ్లారు, తాయెత్తు కట్టించారు. ఆ అమ్మాయి పెళ్లి అయిన వారానికి వాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికి వాడు సగం మనిషయ్యాడు. చదువు పోయింది. మా తమ్ముడికి పనిచేసిన మోతాదు వాడికి చాలడం లేదు.

వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఈ రకం తీవ్రమైన జబ్బులు ఉన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి వైద్యం అందడం లేదని తేలింది. దానికి కారణాలు చాలా. డాక్టర్లు తక్కువ, దూరం ఎక్కువ, డబ్బు లేదు. కానీ మా పిన్ని ఇంటికి ఆసుపత్రి ఆటోలో అరగంట దూరం. ఆ పద్నాలుగు నెలలూ వాళ్లను ఆపింది ఒక్క మాట.

4. బీమా, పింఛను. మా చెల్లి ఆరోగ్య బీమా తీసుకుంటానంటే ఒక ఏజెంటు, కుటుంబంలో మానసిక జబ్బు ఉందని రాస్తే పాలసీ రాకపోవచ్చు, రాయకపోతే క్లెయిము రాకపోవచ్చు అన్నాడు. రెండు వైపులా గొయ్యే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 21వ సెక్షన్, శరీర జబ్బులకు ఎలా బీమా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే ఇవ్వాలని చెబుతోంది. గుండె జబ్బు ఉన్న ఒకాయన కేసులో, జన్యు లోపాలను గంపగుత్తగా పాలసీ నుంచి తప్పించడం వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ కేసు తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లింది. సైన్యంలోనూ ఇదే గొడవ. జబ్బు పుట్టుకతో వచ్చిన తత్వం, సర్వీసుకు సంబంధం లేదు అని మెడికల్ బోర్డు రాస్తే వైకల్య పింఛను ఆగిపోతుంది. అలా స్కిజోఫ్రీనియాతో ఇంటికి పంపేసిన ఒక సైనికుడికి, బోర్డు కారణాలు రాయలేదు కాబట్టి పింఛను ఇవ్వాల్సిందేనని 2025లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కారణం రాయకుండా వంశం అనేయడం కోర్టుకే సరిపోలేదు.

5. పిల్లల్ని కనొద్దు అన్న సలహా. నాకు తెలిసిన ఇద్దరికి ఇది డాక్టరు నోటి నుంచే వచ్చింది. ఒకామెకు జబ్బు లేదు, ఆమె అక్కకు ఉంది. అక్కకు జబ్బు ఉందని చెల్లిని పిల్లల్ని కనొద్దనడం ఏ పుస్తకంలో ఉంది? 1933 జులైలో జర్మనీ చేసిన చట్టంలో, బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాల్సిన జబ్బుల జాబితాలో స్కిజోఫ్రీనియా ఉంది. అన్ని జబ్బులూ కలిపి దాదాపు నాలుగు లక్షల మందికి ఆ ఆపరేషన్లు చేశారు. తర్వాత డెబ్భై వేల మందికి పైగా రోగులను గ్యాస్ గదుల్లో చంపారు. ఆ జాబితాలు తయారుచేసింది మానసిక వైద్యులే. అంత చేసినా యుద్ధం తర్వాత ఆ దేశంలో ఈ జబ్బు పోలేదు. ఎందుకు పోలేదో పైన రాశాను. జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బు ఉన్న తల్లిదండ్రులు ఉండరు.

మేం అడుగుతున్నవి

1. జబ్బు పేరు చెప్పిన రోజునో, ఆ తర్వాతి విజిట్‌లోనో కుటుంబానికి ఒక పేజీ కాగితం ఇవ్వండి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పైన చెప్పిన అంకెలతో. శాతాలు మా జనానికి ఎక్కవు. వంద చుక్కలు గీసి, నాలుగింటికి రంగు వేసి చూపించండి, మా అమ్మకు కూడా అర్థమవుతుంది. దాని మీద ఆరోగ్య శాఖ ముద్ర ఉండాలి. ముసాయిదా రాసి ఇమ్మంటే జీతం అడక్కుండా నేనే రాసిస్తాను, మీ నిపుణులు దిద్దుకోండి.

2. వంశం, పెళ్లి, పిల్లలు అన్న ప్రశ్నలకు తలుపు వేసి జవాబు చెప్పండి. ముందుగా పేషెంటును అడిగి చెప్పండి. 2017 చట్టం 23వ సెక్షన్ ప్రకారం తన జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మా తమ్ముడిది. ఆ రోజు గదిలో వాణ్ని ఎవరూ అడగలేదు. ఇన్నాళ్లకు వాడే నాతో అన్నాడు, “అక్కా, నా వల్ల చెల్లి పెళ్లి ఆగిపోయిందని అందరూ అన్నారు. నన్ను అక్కడే కూర్చోబెట్టి అన్నారు.”

3. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసే సైకియాట్రిస్టును, సోషల్ వర్కరును జన్యు నిపుణులతో వీడియోలో కలపండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. నెలకు రెండు పూటలు కేటాయించినా శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అవసరమైన కుటుంబాలు బస్సెక్కకుండా మాట్లాడగలవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ (14416)లో ఫోన్ ఎత్తే కౌన్సెలర్లకు కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్పండి. నేను ఒకసారి చేసి అడిగాను. అవతలి అమ్మాయి చాలా ఓర్పుగా, ఆప్యాయంగా మాట్లాడింది, కానీ పెళ్లి ప్రశ్న దగ్గర “మీ డాక్టర్ని అడగండి” అంది. ఆమె తప్పు కాదు, ఆమెకు ఎవరూ నేర్పలేదు.

4. కుటుంబ చరిత్రను ఉపయోగపడే పనికి వాడండి. జబ్బు ఉన్నవాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు, పిల్లలు ఏం గమనించుకోవాలో చెప్పండి. అన్నిటికంటే ముందు గంజాయి సంగతి చెప్పండి. గంజాయి ఈ జబ్బు ముప్పును పెంచుతుంది, అందులోనూ చిన్న వయసులో ఎక్కువగా తాగేవాళ్లలో. విశాఖ ఏజెన్సీ నుంచి కాలేజీ హాస్టళ్ల దాకా అది ఎలా వస్తోందో మీకు తెలుసు. “మీ ఇంట్లో ముప్పు కొంచెం ఎక్కువ, నువ్వు దాని జోలికి పోకు” అని ఒక డాక్టరు పద్దెనిమిదేళ్ల కుర్రాడికి చెబితే అది వాడికి ఉపయోగపడే మాట. ముప్పు తెలుసుకోవడం వల్ల మేలు జరిగిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఆపరేషన్లలో కండరాలను వదులు చేయడానికి ఇచ్చే ఒక రకం మందు శరీరంలో తొందరగా విరగని లోపం ఆర్యవైశ్యుల్లో ఎక్కువని తెలుసు. మత్తు డాక్టరుకు ముందే చెబితే ప్రమాదం తప్పుతుంది. ఆ లోపం ఉందని ఎవరూ పెళ్లిళ్లు మానుకోలేదు.

5. పరీక్ష అవసరమైన వాళ్లకు ఉచితంగా చేయించండి. పుట్టుకతో గుండె లోపం, అంగిలి లోపం, చదువులో బాగా వెనకబాటు వీటితో పాటు ఈ జబ్బు వచ్చినవాళ్లలో క్రోమోజోము ముక్క లోపించిందేమో చూడాలి. దొరికితే కాల్షియం, గుండె, థైరాయిడ్ అన్నీ చూసుకోవచ్చు, వైద్యమే మారుతుంది. అదే సమయంలో ఉమ్మి పంపితే మానసిక జబ్బుల ముప్పు చెబుతామనే ప్రైవేటు పరీక్షలను పెళ్లి సంబంధాలకు వాడే రోజు రాకుండా ముందే ఆపండి. ఆ పరీక్షలు ఇచ్చే ముప్పు స్కోర్లకు ఆధారమైన సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్న జనానిది. వాళ్లలోనే ఆ స్కోరు జబ్బు ముప్పులోని తేడాలో వివరించేది ఏడు శాతం ప్రాంతంలో. మన దగ్గర ఇంకా తక్కువ పనిచేస్తుంది. అమెరికాలో జన్యు వివరాల ఆధారంగా ఆరోగ్య బీమాలో, ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని 2008లోనే చట్టం చేశారు. మన దేశంలో దానికోసం విడిగా చట్టం లేదు. రాష్ట్రాలు కేంద్రాన్ని అడగాలి. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, అక్కడికి వెళ్లి అడగడానికి ఎంతో దూరం లేదు.

6. మన కుటుంబాల మీద పరిశోధన జరగాలి. చెన్నైలో స్కిజోఫ్రీనియా మీద పనిచేసే స్కార్ఫ్ సంస్థ, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం కలిసి భారతీయుల్లో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. అందులో నియాసిన్ అనే విటమిన్‌ను శరీరం వాడుకునే తీరుకు సంబంధించిన జన్యువు ఒకటి బయటపడింది. పాల్గొన్నది మూడు వేల మంది ప్రాంతంలో. యూరప్ లెక్కల పక్కన అది చాలా చిన్న సంఖ్య. కేంద్ర ప్రభుత్వం చేపట్టిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద పదివేల మంది జన్యుపటాలు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి, హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా అందులో పాల్గొంది. అంటే పునాది ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు పాతిక శాతం పెళ్లిళ్లు దగ్గరి చుట్టరికాల్లోనే జరుగుతున్నాయి. మేనరికాల వల్ల ఒకే జన్యువుతో వచ్చే అరుదైన జబ్బులు పెరుగుతాయన్నది తెలిసిన సంగతే. వందల తేడాలు కలిసి వచ్చే ఈ జబ్బుకు అదే సూత్రం కళ్లు మూసుకుని అంటించకుండా, మన కుటుంబాల్లో లెక్క తీసి చెప్పండి. రక్తం ఇవ్వడానికి మేం సిద్ధం. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, పేరు బయటికి పోకూడదు, చివరికి ఏం తేలిందో మాకు వచ్చి చెప్పాలి. రక్తం తీసుకుని వెళ్లినవాళ్లు మళ్లీ కనిపించకపోవడం మాకు అలవాటైపోయింది.

7. ఆరోగ్యంగా ఉన్న మనిషికి, బంధువు జబ్బును చూపించి పెళ్లి వద్దు, పిల్లలు వద్దు అని చెప్పకూడదని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ రాతపూర్వకంగా సూచన ఇవ్వాలి. జబ్బు ఉన్నవాళ్ల విషయంలో కూడా నిర్ణయం వాళ్లది. అంకెలు మీరు చెప్పండి, గర్భం వస్తే ఏ మందు మార్చాలో చెప్పండి, మిగతాది వాళ్లు తేల్చుకుంటారు.

వీటిలో మొదటి రెంటికి బడ్జెట్ అక్కర్లేదు. ఒక కాగితం, ఒక తలుపు. ఒక నెలలోపు ఆ రెండైనా మొదలుపెట్టండి. మిగతావాటికి ఎప్పటిలోగా చేస్తారో తేదీ చెప్పండి. జవాబు రాకపోతే మా జిల్లాలో నాకు తెలిసిన పదకొండు కుటుంబాల సంతకాలతో రెండు రాజధానులకూ వస్తాం. ఆ కుటుంబాల్లో ఆరింట్లో ఇంకా ఎవరికీ చెప్పుకోలేదు. సంతకం పెట్టడమంటే వాళ్లకు ఎంత టెన్షనో మీరు ఊహించుకోండి. అయినా పెడతామన్నారు.

వచ్చే నెలలో మా చెల్లిని చూడటానికి కొత్తవాళ్లు వస్తున్నారు. ఈసారి ముందే అన్నీ చెప్పేద్దాం అంది చెల్లి. తమ్ముడు కూడా ఎక్కడికీ వెళ్లకుండా ఇంట్లోనే ఉంటానన్నాడు. వాళ్లు మా మామయ్య అడిగిన ప్రశ్నే అడుగుతారు. అప్పుడు నేను చెప్పేది అక్క మాటే అవుతుంది, నమ్ముతారో నమ్మరో. వాళ్ల చేతిలో పెట్టడానికి మీ ముద్ర ఉన్న ఆ ఒక్క పేజీ అప్పటికి నా దగ్గర ఉండేలా చూడండి.

ఇట్లు,
స్కిజోఫ్రీనియాతో బతుకుతున్న ఒక తమ్ముడి అక్క